ఐరన్ మెయిడెన్ 'సమ్‌వేర్ బ్యాక్ ఇన్ టైమ్': లాస్‌లెస్‌లో వింటే నిజంగా తేడా తెలుస్తోందా?

బెజవాడ_బేస్
ఐరన్ మెయిడెన్ అంటే బ్రిటిష్ మెటల్ బ్యాండ్. నేను విన్న మెయిడెన్ అంతా హాస్టల్ ల్యాన్ మెయిడెన్. ఎవరు రిప్ చేశారో తెలియని 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) ఎంపీత్రీలు, సగం పాటలకి పేర్లు కూడా తప్పే. వాటితోనే ఏళ్లు గడిచిపోయాయి. మొన్న పాత సీడీలు అమ్మే చోట 'సమ్‌వేర్ బ్యాక్ ఇన్ టైమ్' దొరికింది. 2008లో వచ్చిన కంపైలేషన్ ఇది. 1980 నుంచి 89 వరకూ ఏరిన పాటలు, మొత్తం 15 ట్రాకులు. నా ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేదు, ఫ్రెండ్ దగ్గర యూఎస్‌బీ డ్రైవ్ అడిగి తెచ్చి ఫ్లాక్‌లోకి (సీడీలోది ఏదీ పోగొట్టని లాస్‌లెస్ ఫార్మాట్) రిప్ చేశాను. వింటున్నది మామూలు వైర్డ్ హెడ్‌ఫోన్స్‌లో, టైప్-సి డాంగిల్ పెట్టి.

'రన్ టు ది హిల్స్' మొదలయ్యేటప్పుడు డ్రమ్స్ వస్తాయి కదా, అక్కడే ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఎంపీత్రీలో హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) అంతా కలిసి ఒకటే 'ష్‌ష్‌ష్'. ఇక్కడ ఏ దెబ్బకి ఆ దెబ్బ విడిగా వినిపిస్తోంది. స్టీవ్ హారిస్ బేస్ అయితే వేళ్లు తీగకి తగిలే టకటకతో సహా.

రెండు డౌట్లు. ఇది నిజంగా లాస్‌లెస్ మహిమేనా, డబ్బులు పెట్టి కొన్నాను కాబట్టి అలా అనిపిస్తోందా? రెండోది, ఇంత బాగున్నా గంట దాటితే చెవులు అలసిపోతున్నాయి. ఎందుకు?

ఎడ్డీ_ఏలూరు
లాస్‌లెస్ మహిమే బ్రో, అనుమానమే అక్కర్లేదు. సీడీ అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. సెకనుకి 1411 కిలోబిట్లు. నువ్వు ఇన్నాళ్లూ విన్నది అందులో పదకొండో వంతు. ఇంక తేడా లేకుండా ఎలా ఉంటుంది? 24 బిట్ హై-రెస్‌లో (సీడీ కంటే ఎక్కువ బిట్లుండే ఫైళ్లు) కూడా ఒకసారి విను, సీడీ మొహం మళ్లీ చూడవు.

డెసిబెల్
వృత్తిరీత్యా మిక్సింగ్ పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం అడ్డు తగులుతాను, ఏమనుకోవద్దు.

బేస్ గారూ, మీకు హై-హ్యాట్ దగ్గర తేడా తెలిసిందంటే అది భ్రమ కాదు. 128లో ఎన్‌కోడర్ (ఫైల్‌ని కుదించే సాఫ్ట్‌వేర్) సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో పైభాగాన్ని కోసేస్తుంది. దానికి తోడు సింబల్ (డ్రమ్స్‌లోని తాళం) శబ్దం ఒక స్వరం లాంటిది కాదు, దాదాపు నాయిజ్. దాన్ని తక్కువ బిట్లలో ఇరికించడం ఏ ఎన్‌కోడర్‌కైనా కష్టమే. గట్టి దెబ్బ పడే ముందు సన్నగా ఒక మసక కూడా చేరుతుంది, దాన్నే ప్రీ-ఎకో అంటాం. 'రన్ టు ది హిల్స్'లో డ్రమ్మర్ క్లైవ్ బర్ వాయించింది సరిగ్గా ఈ పద్ధతిని చిత్తు చేసే రకం.

కానీ ఎడ్డీ లెక్క ఒప్పుకోను. పదకొండో వంతు బిట్లు అంటే పదకొండో వంతు సంగీతం కాదు. ఫ్లాక్ కూడా 1411 వాడదు కదా! ఒక్క బిట్ పోగొట్టకుండానే సైజు తగ్గిస్తుంది. ఇంకో మాట: మీ హాస్టల్ ఫైల్ ఏ సీడీ నుంచి వచ్చిందో మీకు తెలియదు. అది వేరే మాస్టర్ (విడుదలకి ముందు సౌండ్‌ని చివరిగా సరిచేసిన కాపీ) అయితే మీరు పోలుస్తున్నది ఎంపీత్రీని, ఫ్లాక్‌ని కాదు, రెండు వేర్వేరు మాస్టర్లని. ఈ సీడీ నుంచే ఒక 128, ఒక 320 కేబీపీఎస్ ఎంపీత్రీ తయారు చేసుకోండి. ఫూబార్ అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ అని ఒక కాంపోనెంట్ ఉంటుంది, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తుంది. అందులో పెట్టి చూడండి. 128ని పట్టేస్తారు. 320 దగ్గర ఏమవుతుందో మీరే వచ్చి చెప్పండి.

సుల్తాన్‌బజార్
ఈ సీడీ వెనక కథ తెలియకుండా వినడం సగం వినడమే తమ్ముడూ. 2008లో మెయిడెన్ వాళ్లు ఇదే పేరుతో వరల్డ్ టూర్ పెట్టిన్రు. మొదలైంది ఎక్కడో తెలుసా? ముంబైలో, ఫిబ్రవరి 1న. బోయింగ్ 757ని మార్చుకుని, అందులోనే బ్యాండు, సామాను, మనుషులు అందరూ. నడిపింది సింగర్ బ్రూస్ డికిన్సనే. హైదరాబాద్ నుంచి మేం కొందరం రైల్లో పోయినం. రిజర్వేషన్ దొరక్క జనరల్ డబ్బాలో నిలబడే. అంతకు ముందు ఏడాది మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి కూడా వచ్చిన్రు, కానీ అప్పుడు కొత్త ఆల్బమ్ పాటలు ఎక్కువ. ముంబైలో మాత్రం 80ల పాటల మీదనే నడిచింది.

ఆ టూర్ చూడబోయే కొత్త పిల్లల కోసం మేలో ఈ సీడీ వేసిన్రు. అందుకే ఇందులో ఒక మతలబు ఉంది. మొదటి రెండు ఆల్బమ్‌ల గొంతు పాల్ డి'యానోది. ఈ సీడీలో ఆయన ఒక్క పాటలో కూడా లేడు! 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా', 'రాత్‌చైల్డ్', 'ఐరన్ మెయిడెన్' మూడూ డికిన్సన్ పాడిన లైవ్ రికార్డింగులే. పైన మాత్రం '1980–1989' అని రాసుకున్రు. నాకు ఇది ఎన్నటికీ మింగుడు పడదు. డి'యానో 2024 అక్టోబర్‌లో పోయినప్పుడు ఇదే గుర్తొచ్చింది.

ఎడ్డీ_ఏలూరు
సుల్తాన్ అన్న జనరల్ డబ్బాలో నిలబడి ముంబై వెళ్లిన కథ ఈ ఫోరంలో వినని వాళ్లు లేరు 😀

సుల్తాన్‌బజార్
నువ్వప్పుడు పోయి ఉంటే నువ్వూ చెప్పేటోడివి.

ఓరుగల్లు_పిల్ల
అన్నయ్యలూ, నేను కొత్త. మెటల్ వినడం మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు, ఈ కంపైలేషనే మొదటిది. యాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి లాస్‌లెస్ ఆన్ చేశాను. నాకైతే ఆన్ చేసినా ఆఫ్ చేసినా ఒకేలా ఉంది. డేటా మాత్రం సాయంత్రానికే అయిపోతోంది. నా చెవుల్లోనే ఏదైనా లోపమా? వాడేది బ్లూటూత్ బడ్స్.

బెజవాడ_బేస్
చెవులు బాగానే ఉన్నాయమ్మా, బడ్స్ దగ్గరే వచ్చింది చిక్కు.

డెసిబెల్
అవును. యాప్ నుంచి ఫోన్ దాకా లాస్‌లెస్‌గానే వస్తుంది. ఫోన్ నుంచి బడ్స్‌కి గాలిలో వెళ్లే ముందు మళ్లీ కుదించేస్తుంది. బ్లూటూత్ వాడే ఫార్మాట్ ఎస్‌బీసీ అయినా, ఏఏసీ అయినా అంతే. ఎల్‌డాక్ 990 కేబీపీఎస్ దాకా వెళ్తుంది కానీ అదీ లాసీయే, అంటే కొంత పోగొట్టేదే. 2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ అదనపు ఛార్జీ లేకుండా లాస్‌లెస్ ఇచ్చినప్పుడు, బ్లూటూత్‌లో అది లాస్‌లెస్ కాదని వాళ్లే రాసి పెట్టారు. ఇప్పుడు ఆప్ట్ఎక్స్ లాస్‌లెస్ అని ఒకటి ఉంది, కానీ ఫోనూ హెడ్‌ఫోనూ రెండూ సపోర్ట్ చేయాలి. మీ బడ్స్‌లో అది ఉందా లేదా చూసుకోండి, లేకపోతే లాస్‌లెస్ ఆఫ్ చేసి డేటా మిగుల్చుకోండి. మీరు కోల్పోయేదేమీ లేదు.

మెటల్‌కి డేటా ఎందుకు ఎక్కువ తింటుందో కూడా చెప్తాను, ఆసక్తిగా ఉంటుంది. ఫ్లాక్ చేసే పని, వచ్చే శాంపిల్ (శబ్దంలో ఒక్కో క్షణపు కొలత) ఎలా ఉంటుందో ముందే అంచనా వేసి, అంచనాకీ అసలుకీ ఉన్న తేడాని మాత్రం దాచుకోవడం. వీణ ఒక్కటే మోగుతుంటే అంచనా తేలిక, ఫైల్ చిన్నది. రెండు డిస్టార్షన్ గిటార్లు, ఆగని సింబల్స్, పైగా అంతా ఫుల్ వాల్యూమ్ అంటే అంచనా పదే పదే తప్పుతుంది. నా దగ్గర ఉన్న వీణ కచేరీలు ఫ్లాక్‌లో 500, 600 కేబీపీఎస్ దగ్గర ఉంటే, మెటల్ 900 దాటి 1000 దాకా పోతుంది.

ఓరుగల్లు_పిల్ల
థాంక్స్ సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా అన్న దగ్గర పాత వైర్ ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, డాంగిల్ కొని చూస్తాను.

రిఫ్_రాజా
ఎవరి దగ్గరైనా ఫ్లాక్ లింక్ ఉంటే ఇక్కడ పెట్టండి ప్లీజ్

మోడరేటర్
లింకులు అడగడం, ఇవ్వడం రెండూ కుదరవు. ఇంకోసారి అడిగితే పోస్ట్ తీసేస్తాం.

డెసిబెల్
లింక్ సంగతి ఎలా ఉన్నా, అలా దొరికే 'ఫ్లాక్'లలో చాలావరకు ఎంపీత్రీని తిరిగి ఫ్లాక్‌లో పెట్టినవే. పోయింది తిరిగి రాదు, ఫైల్ మాత్రం లావెక్కుతుంది. స్పెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయి ఉంటుంది. బేస్ గారిలా సొంత సీడీ రిప్ చేసుకోవడమే నయం. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడితే, మీ రిప్ చెక్‌సమ్‌ని (ఫైల్ డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) అదే సీడీ రిప్ చేసిన ఇతరుల చెక్‌సమ్‌లతో పోల్చి చూపిస్తుంది. గీతలు పడ్డ సీడీ అయితే అక్కడే బయటపడుతుంది.

డాలస్_డిస్టార్షన్
ఈ చర్చలో అందరూ సింబల్స్, బిట్లు అంటున్నారు. నాకు లాస్‌లెస్ వల్ల ఖచ్చితంగా కలిసొచ్చింది ఇంకోటి. మొదటి ట్రాక్ 'చర్చిల్స్ స్పీచ్', యాభై సెకన్లు కూడా ఉండదు. అది అయిపోగానే 'ఏసెస్ హై' అందుకోవాలి. ఆ అందుకోవడంలోనే మజా అంతా ఉంది. ఎంపీత్రీలో ప్రతి ఫైల్ మొదటా చివరా ఎన్‌కోడర్ కాస్త ఖాళీ చేరుస్తుంది. ప్లేయర్ దాన్ని సరిగ్గా కత్తిరించకపోతే మధ్యలో గతుకు. నా పాత కారు స్టీరియోలో ఎప్పుడూ అక్కడ ఒక చిన్న విరామం పడేది. చర్చిల్ ఆవేశంగా ముగిస్తాడు, నిశ్శబ్దం, ఆ తర్వాత తీరిగ్గా గిటార్! ఫ్లాక్‌లో ఆ అదనపు ఖాళీ ఉండదు, శాంపిల్ పక్కన శాంపిల్.

ఇంకో తమాషా. ఆ ప్రసంగం చర్చిల్ చేసింది 1940 జూన్ 4న, పార్లమెంటులో. అప్పట్లో సభలో రికార్డింగ్ లేదు. మనం వినే గొంతు ఆయన 1949లో మళ్లీ చదివి రికార్డ్ చేసింది. కాబట్టి మనం 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని కొట్టుకుంటుంటే, ఆల్బమ్ మొదలయ్యేదే ఆ గరగరతో.

ఎడ్డీ_ఏలూరు
1949 సంగతి తెలియదు. సూపర్.

కానీ హై-రెస్ మీద సెటైర్ వేయకండి. 2015లో మెయిడెన్ పాత ఆల్బమ్‌లన్నీ డిజిటల్‌గా మళ్లీ రీమాస్టర్ చేశారు. 2018 చివర నుంచి వాటినే డిజీప్యాక్ సీడీలుగా వేశారు. ఆ 'పవర్‌స్లేవ్' ఆల్బమ్ విని, నా దగ్గరున్న 1998 రీమాస్టర్ సీడీ వినండి. ఊపిరి ఆడినట్టు ఉంటుంది. అది హై-రెస్ కాకపోతే మరేంటి?

డెసిబెల్
అది మాస్టరింగ్! మీరే చెప్తున్నారు, మీరే ఒప్పుకోవట్లేదు. అదే 2015 మాస్టర్‌ని మామూలు సీడీ నాణ్యతకి దించి, వాల్యూమ్ సమానం చేసి వినండి. ఊపిరి అక్కడా ఆడుతుంది. 44.1 అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. మన చెవి చిన్నప్పుడైనా 20 దాటదు, కచేరీలకి తిరిగిన మన వయసు వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 16 బిట్లంటే 96 డెసిబెల్స్ పరిధి. 80ల అనలాగ్ టేపులో ఉండే 'స్‌స్' శబ్దం ఆ పరిధి అడుగుకి ఎంతో పైనే ఉంటుంది. రికార్డింగ్, మిక్సింగ్ చేసేటప్పుడు 24 బిట్ కావాలి, నేనూ అదే వాడతాను. వినడానికి సీడీ సరిపోతుంది.

బేస్ గారి రెండో డౌట్‌కీ ఇక్కడే జవాబు ఉంది. చెవులు అలసిపోవడం. 90ల చివరి నుంచి సీడీలన్నీ ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా ఉండాలని పోటీ పడ్డాయి. లిమిటర్ పెట్టి పెద్ద శబ్దాల తలలు నొక్కి, మొత్తాన్ని పైకి లేపుతారు. ఇస్త్రీ చేసినట్టు చదునుగా తయారవుతుంది. స్నేర్ డ్రమ్ దెబ్బ తగలాల్సినంత తగలదు, నెమ్మదైన చోట నెమ్మదిగా ఉండదు. చెవికి విశ్రాంతి దొరకదు. ఆ చదును చేసిన పాటని ఫ్లాక్‌లో పెడితే, చదునుని ఒక్క బిట్ తేడా లేకుండా అందిస్తుంది. అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు.

బెజవాడ_బేస్
అయితే 80లలో అచ్చైన సీడీ వెతకాలంటారా?

డెసిబెల్
దొరికితే వినండి. మొదట్లో డల్‌గా అనిపిస్తుంది, ఎందుకంటే వాల్యూమ్ తక్కువ. నాబ్ కాస్త తిప్పండి చాలు.

సుల్తాన్‌బజార్
లౌడ్‌నెస్ అంటే 2008 యాది రావాలె. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో మెటాలికా వాళ్ల 'డెత్ మాగ్నెటిక్' వచ్చింది. సీడీ ఎంత నలిగిపోయి ఉండెనంటే, గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఉన్న వెర్షన్ మేలని జనం దాన్ని వెతుక్కుని విన్నరు. గేమ్‌కి ఇచ్చిన పాటల మీద ఆ నొక్కుడు పడలేదు కాబట్టి. మళ్లీ రీమిక్స్ చేయండని ఫ్యాన్స్ పిటిషన్ కూడా పెట్టిన్రు.

మెయిడెన్ దీనికి ఉల్టా. 2006లో 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' ఆల్బమ్‌ని స్టీవ్ హారిస్ మాస్టరింగ్ చేయించకుండానే వదిలిండు. స్టూడియోలో ఎట్ల వినబడ్డదో అట్లనే జనానికి పోవాలన్నడు. డెసిబెల్ సారు ఒకసారి అది విని చెప్పాలె.

డెసిబెల్
విన్నాను. ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్‌కి చోటుంది. ఆయన మొండితనం అక్కడ పనికొచ్చింది.

డాలస్_డిస్టార్షన్
సుల్తాన్ గారి డి'యానో బాధ అర్థమైంది కానీ, ఆడియో వైపు నుంచి ఒక వాదన చేస్తాను, కొట్టకండి.

1980 మొదటి ఆల్బమ్ ప్రొడక్షన్ హారిస్‌కే నచ్చలేదు, ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. రెండో ఆల్బమ్ నుంచి 1992 దాకా ప్రొడ్యూసర్ మార్టిన్ బర్చ్. ఈ కంపైలేషన్‌లోని మూడు లైవ్ పాటలూ 1985 నాటి 'లైవ్ ఆఫ్టర్ డెత్' నుంచి తీసుకున్నవి, అదీ బర్చ్ చేసిందే. అంటే 'ఫాంటమ్', 'ఐరన్ మెయిడెన్' పాటలకి మంచి సౌండ్ ఇక్కడే దక్కింది.

హెడ్‌ఫోన్స్‌లో ఇంకోటి గమనించండి. 'ఫాంటమ్', 'రాత్‌చైల్డ్' రికార్డ్ చేసింది 1984లో, లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో. అది థియేటర్. చివరి 'ఐరన్ మెయిడెన్' 1985లో కాలిఫోర్నియా లాంగ్ బీచ్ అరీనాలోది. చప్పట్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో, డ్రమ్ మోగాక హాలు ఎంతసేపు పట్టుకుంటుందో వినండి. రెండూ వేరు. ఇలా సన్నగా సాగే తోకల్నే తక్కువ బిట్‌రేట్ ముందు మింగేస్తుంది.

సుల్తాన్‌బజార్
వాదన బాగుంది. ఒప్పుకోను. డి'యానో గొంతులో ఉన్న గల్లీ పొగరు డికిన్సన్‌కి రాదు.

ఎడ్డీ_ఏలూరు
+1 సుల్తాన్ అన్నకి, ఈ ఒక్క విషయంలో.

బెజవాడ_బేస్
ఏబీఎక్స్ చేశాను. ఈ సీడీ నుంచే 128, 320 తయారు చేసుకుని.

128ని ప్రతిసారీ పట్టేశాను, 'రన్ టు ది హిల్స్' మొదటి కొన్ని సెకన్లు చాలు. 320 మాత్రం నా వల్ల కాలేదు. 'హాలోడ్ బి దై నేమ్'లో మొదటి గంట మోగి సన్నబడే చోట ఏదో తెలుస్తోందనుకున్నాను, స్కోర్ చూస్తే ఉత్త ఊహే. ఎడ్డీ బ్రో, నువ్వూ చేసి రిజల్ట్ పెట్టు.

అయినా ఫ్లాక్‌లే ఉంచుకుంటున్నాను. ఆల్బమ్ అంతా కలిపి 500 ఎంబీ పైచిలుకు, ఈ రోజుల్లో అదొక లెక్క కాదు. రేపు ఇంకో ఫార్మాట్ వస్తే దీని నుంచే చేసుకోవచ్చు, మళ్లీ యూఎస్‌బీ డ్రైవ్ అడుక్కోనక్కర్లేదు.

పరీక్ష పుణ్యమా అని ఒకే పాటని ముక్కలు ముక్కలుగా వినడంతో డ్రమ్మర్లు ఇద్దరని చెవికి తెలిసింది. 1982 పాటలకి క్లైవ్ బర్. 'ది ట్రూపర్' నుంచి నికో మెక్‌బ్రెయిన్. నికో కాలు ఒక్క పెడల్ మీదే అంత వేగంగా ఎలా ఆడుతుందో! క్లైవ్ బర్ స్నేర్ ముందుకి తోసుకొస్తున్నట్టు ఉంటుంది, నికోది గుండ్రంగా దొర్లుతుంది. పుస్తకంలో చదివితే తెలిసే విషయం కాదిది.

డెసిబెల్
అదే నేను చెప్పబోయేది. నికో చెప్పుల్లేకుండా వట్టి కాలితో వాయిస్తాడు, చాలామంది డబుల్ బేస్ (రెండు కాళ్లతో వాయించే రెండు పెడళ్లు) అనుకుంటారు.

ఫ్లాక్ ఉంచుకోవడం గురించి పూర్తిగా ఏకీభవిస్తాను. దాచుకోవడానికి లాస్‌లెస్, బస్సులో వినడానికి ఏదైనా ఒకటే.

ఎడ్డీ_ఏలూరు
ఏబీఎక్స్ వీకెండ్‌లో చేస్తా. 24 బిట్ ఫైల్‌తో చేస్తా, 320తో కాదు.

డెసిబెల్
చేయండి. ఒకే మాస్టర్ అయి ఉండాలి, రెండు ఫైళ్ల వాల్యూమ్ సమానం చేయాలి. అర డెసిబెల్ ఎక్కువున్నా ఎక్కువున్నదే 'బాగుంది' అనిపిస్తుంది.

ఓరుగల్లు_పిల్ల
డాంగిల్ వచ్చింది! వైర్ ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. గిటార్లు రెండని ఇప్పుడే తెలిసింది, ఎడమ చెవిలో ఒకరు, కుడి చెవిలో ఒకరు. 'ది ట్రూపర్'లో ఇద్దరూ కలిసి వాయించేది మూడుసార్లు వెనక్కి పెట్టుకుని విన్నా. కానీ వాల్యూమ్ చాలా తక్కువ వస్తోంది, ఇది మామూలేనా? ఇంకా, దీని తర్వాత ఏ ఆల్బమ్ వినాలి?

డాలస్_డిస్టార్షన్
డేవ్ మర్రే, ఏడ్రియన్ స్మిత్. ఇక మీకు వెనక్కి దారి లేదు.

డెసిబెల్
ఆపిల్ డాంగిల్ అయితే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ తక్కువే వస్తుంది, అందరికీ తెలిసిన సమస్యే. డాంగిల్‌తో నేరుగా మాట్లాడే ప్లేయర్ యాప్‌లు ఉన్నాయి, వాటిలో సరిపోతుంది. లేదా వేరే కంపెనీది తీసుకోండి.

సుల్తాన్‌బజార్
'పవర్‌స్లేవ్' విను బిడ్డా. షఫుల్ బంద్ చేసి, మొదటి నుంచి చివరి దాకా. ఆఖరి పాట పదమూడు నిమిషాలుంటది, భయపడకు. దాని తర్వాత 'కిల్లర్స్' విను, అందులో డి'యానో ఉంటడు. విన్నాక ఈడికొచ్చి డాలస్ సారుకి చెప్పు, ఎవరి గొంతు బాగుందో.